సారలమ్మ సగం నవ్వు

కొమురెల్లికి తన జోకుల మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. జనగామ దిక్కు నుంచి నాచారం వచ్చి, అక్కడొక సబ్బుల కంపెనీలో ప్యాకింగు పనికి చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా, టీ వేళకి ఆయన చుట్టూ నలుగురు చేరని రోజు లేదు. చేరినవాళ్ళు నవ్వేవారు. ఎందుకు నవ్వుతున్నారో ఆయన ఎన్నడూ ఆరా తీయలేదు. చాయ్ ఎప్పుడూ తనే తాగించేవాడు మరి.

ఆ జోకులన్నిట్లోకీ పెద్దది బస్సు జోకు. చెంగిచెర్ల బస్సెక్కినవాణ్ణి కండక్టరు "ఏడికి?" అంటాడు. "అత్తగారింటికి" అంటాడు వాడు. "మీ అత్తగారిల్లు ఏడున్నది?" "మా మామ ఉండే ఇంట్లనే." అంతే. దీన్ని కొమురెల్లి పెళ్ళిళ్ళలో చెప్పాడు, దినాల్లో చెప్పాడు, ఉప్పల్ రింగు రోడ్డు మీద బస్సు ఆగిపోతే తోటి ప్రయాణికులకూ చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ భార్య సారలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ ఒక్క నవ్వూ ఉంటే ఆయనకి ఇంకెవరి నవ్వుతోనూ పనిలేదు.

సకల జనుల సమ్మె రోజుల్లో సారలమ్మకి మెదడులో రక్తం గడ్డకట్టింది. బస్సుల్లేవు. రింగు రోడ్డు బందు. ఆటో మాట్లాడుకుని గల్లీల వెంబడి ఉప్పల్లోని ఒక దవాఖానాకి చేర్చాడు కొమురెల్లి. దారంతా ఒక్క జోకు కూడా చెప్పలేదంటే ఎంత భయపడ్డాడో అర్థం చేసుకోవచ్చు. ప్రాణం దక్కింది. నడక వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం నెత్తిదాకా లేవదు, మూతి ఎడమ పక్క కిందికి జారిపోయింది, మాట కాస్త ముద్దగా వస్తోంది.

"కనుబొమ్మలు ఎత్తండమ్మా" అంది డాక్టర్ గీతిక. రెండూ చక్కగా లేచాయి. "నుదుటికి మెదడు రెండు పక్కల నుంచీ ఆజ్ఞ అందుతుందండీ. ఒకటి దెబ్బతిన్నా రెండోది నడిపిస్తుంది. మూతికి ఆ సదుపాయం లేదు."

ఇది శుభవార్తో కాదో కొమురెల్లికి తేలలేదు. సారలమ్మ కనుబొమ్మలెత్తి చూస్తే పిల్లి కూడా పాలగిన్నె వదిలేసి పోయేది. ఆ అధికారానికి ఏ లోటూ రాలేదన్నమాట.

"ఇప్పుడు నవ్వండి." కుడి పక్క మాత్రమే నవ్వింది. అంతలో డాక్టరు సెల్‌ఫోను చంటిపిల్ల కిలకిలలతో మోగింది. సారలమ్మ ముఖమంతా విచ్చుకుంది. జారిన మూలతో సహా రెండు పక్కలా సమంగా నవ్వింది.

"నయమైంది మేడం" అని లేచి నిలబడ్డాడు కొమురెల్లి.

"కాలేదండీ. నవ్వాలనుకుని నవ్వే నవ్వు మెదడులో ఒక దారిన వస్తుంది. నిజంగా నవ్వొచ్చి నవ్వేది వేరే దారి. ఆవిడకి మొదటిది దెబ్బతింది. రెండోది బాగానే ఉంది."

"రింగు రోడ్డు బందున్నా గల్లీల నుంచి ఆటో వచ్చినట్టు."

"అలాగే అనుకోండి."

"గట్లయితే జర ఆగుర్రి, నేను నవ్విస్త" అని కొమురెల్లి గొంతు సవరించుకుని బస్సు జోకు చెప్పాడు.

సారలమ్మ నవ్వింది. కుడి పక్క మాత్రమే.

డాక్టరు కలం తీసుకుని, రాయాల్సిందేమీ లేకపోయినా ఏదో రాసుకుంది. సారలమ్మ నేల చూపులు చూసింది. కొమురెల్లి నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

ఇంటికొచ్చి పట్టువదలకుండా, తన దగ్గరున్న జోకులన్నీ బయటికి తీశాడు. సగం, సగం, సగం. మొగుడి కోసం చిన్న అబద్ధమాడదామన్నా పాపం ఆమెకి ముఖం సహకరించడం లేదు.

"ఇన్నేండ్లు ఉత్తగనే నవ్వినవా?"

"నువ్వు సంబురపడ్తవని" అంది సారలమ్మ.

ఆ మాట ఆయన్ని లోపల ఎక్కడో పొడిచింది. తిట్టినా బాగుండేది. తనవల్ల ఆమె ముఖం నిండా ఒక్కసారైనా నవ్వు వస్తే చాలు, ఇంకేమీ వద్దనిపించింది.

దవాఖానాలో ముఖానికి కసరత్తులు చేయించేది సంతోషి అనే కీసర పిల్ల. సారలమ్మ అద్దం ముందు బుగ్గలు పూరిస్తుంటే, పక్కన కొమురెల్లి కొత్త జోకులు పరీక్షిస్తున్నాడు. సంతోషికి విసుగొచ్చింది.

"జోకులు బందువెట్టు మామా. అత్త నెత్తి సూడు, గూడు లెక్కైంది. ఆమెకు జర పావురం గావాలె."

కొమురెల్లి బుర్రలో దీపం వెలిగింది. పక్షవాతానికి పావురం కూర మంచిదని నాచారంలో అననివాళ్ళు లేరు. సాయంత్రమే లాలాపేట్ వెళ్ళి పిట్టలమ్మే ఆయన్ని పట్టుకున్నాడు. "కోసియ్యాల్నా?" అంటే వద్దన్నాడు. బొద్దింకని కొట్టడానికే చేతులాడని మనిషి, కళ్ళముందు కోయిస్తాడా. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. సంచి మూతి విప్పగానే అది రివ్వున లేచి, గదంతా చుట్టి, టీవీ మీద వాలి, అక్కడ నచ్చక వచ్చి ఆయన బట్టతల మీద కూర్చుంది.

దాన్ని పట్టడానికి తీసిన తువ్వాలు చేతిలోనే ఉండగా కొమురెల్లి కదలకుండా నిలబడ్డాడు. సారలమ్మ కనుబొమ్మలు లేచాయి.

"ఏందది?"

"మందు. నీకే. సంతోషి జెప్పింది, నీకు పావురం గావాల్నట."

"ఏమన్నది? ఒక్క ముక్క ఇడువకుండ జెప్పు."

"నెత్తి గూడు లెక్కైంది, జర పావురం గావాలె అన్నది. గూడున్నకాడ పావురమే గద ఉండేది."

"ఓ అయ్యా" అంది సారలమ్మ. "గామె అన్నది పిట్ట గాదు."

జనగామలో పుట్టినవాడికి పావురమంటే ప్రేమని ఒకరు చెప్పాలా. బిడ్డ మీద పావురం, తల్లి మీద పావురం అని ఉగ్గుపాలతో పాటే విన్న మాట. పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి ఆయనకి పిట్ట గుర్తొచ్చింది. విషయం తలకెక్కాక కొమురెల్లి ముఖం ఎలా మారిందో ఏమో, తల మీది పావురం ఒకసారి రెక్కలు విదిల్చి గురగురలాడింది.

సారలమ్మ నవ్వడం మొదలుపెట్టింది. రెండు పక్కలా, పళ్ళన్నీ కనిపించేలా, కళ్ళవెంట నీళ్ళు కారేలా. కొంగు అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. ఈమెకి ఇలా నవ్వడం వచ్చని కొమురెల్లికి ఇన్నాళ్ళూ తెలియనే తెలియదు.

పావురాన్ని డాబా మీద వదిలేశాడు. తెల్లారగానే గోడవతలి అన్నపూర్ణమ్మగారికి ఈ కథ మొదలుపెట్టాడు. చెబుతుండగానే ఒక పావురం రెండైంది, టీవీ పగిలింది. ఓరగా భార్యకేసి చూశాడు. కుడి పక్క మాత్రమే.

"తరవాత ఏమైందండీ?" అంది అన్నపూర్ణమ్మ.

"ఏం గాలేదమ్మా, ఇంట్ల పనున్నది" అని లోపలికొచ్చి దువ్వెన వెతికాడు. సారలమ్మని అద్దం ముందు కూర్చోబెట్టి, చిక్కులు తీసి, పాపిడి వంకరగా తీసి, చెరిపి, మళ్ళీ అంతకంటే వంకరగా తీశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. తలెత్తి అద్దంలోకి చూస్తే ఆమె నవ్వుతోంది.

"ఏందే?"

"ఏం లేదు. దువ్వు."

మూతి రెండు పక్కలా సమంగానే ఉంది.