సున్నం వేసిన పిట్టగోడ

తొంభైల మొదట్లో నా ఉద్యోగం గాలిలో దుమ్ము పట్టడం. ఏం పనని అడిగినవాళ్లకు అంతే చెప్పేదాన్ని, ఇంకా అడిగితే విసుక్కునేదాన్ని. గాలి పీల్చే మిషన్‌ను ఏదో ఒక డాబా మీద పెట్టి ఒక పగలూ రాత్రీ నడిపేవాళ్లం. లోపలి కాగితం మీద చేరిన దుమ్మును ల్యాబులో యాసిడ్‌లో కరిగించి, ఏ మూలకం ఎంతుందో కొలిచేదాన్ని. సూర్యాపేట హైవే పక్కన పెట్రోలు పొగలోని సీసం దొరికేది. కోదాడ వైపు సిమెంటు దుమ్ము, అంటే కాల్షియం. మిర్యాలగూడలో మిల్లుల ఊక బూడిద, అందులో పొటాషియం ఎక్కువ.

అక్కడ ఒక దర్జీ ఇల్లు రైసు మిల్లును ఆనుకునే ఉండేది. ఆయనకు ఆయాసం. రెండు మాటలు మాట్లాడి ఆగి, గాలి పీల్చుకుని మూడోది అందుకునేవాడు. ఆ ఇంటి మీద పడే దుమ్ము తన మిల్లు బూడిదేనని తేలితే పొగగొట్టానికి దుమ్ము పట్టే యంత్రం బిగిస్తానని, లేకపోతే తన జోలికి రావద్దని మిల్లు యజమాని వాడ పెద్దల ముందు మాటిచ్చాడు. తేల్చాల్సింది నేను.

వాళ్ల డాబా మీద మిషన్ పెట్టి కోదాడ పోయాను. మర్నాడు వచ్చేసరికి పిట్టగోడ తెల్లగా మెరిసిపోతోంది. నాకు ఒళ్లు మండింది.

"అక్కా, ఎవరు వెయ్యమన్నరు ఈ సున్నం?" అని దర్జీ భార్య మీద అరిచాను.

"చుట్టమొస్తె ఇల్లు గట్లనే ఉంచుతమా మేడమ్? మా ఆయన పానం కోసం వచ్చిన మిషనాయె. గోడ నల్లగుంటె సిగ్గనిపిచ్చింది."

నా కోపం అక్కడే చల్లారింది. కానీ కాగితం నిండా సున్నపు దుమ్మే, ల్యాబులో కాల్షియమే తేలుతుంది. అది చూస్తే ఎవరైనా సిమెంటు దుమ్మే అనుకుంటారు, మిల్లాయన చేతులు దులుపుకుంటాడు. ఆ మాట చెబితే ఆమె మొహం పాలిపోయింది.

"ఇగ ఖతమేనా మేడమ్?"

"కాదు, మళ్ల పెడత. గోడ గీకి కడుగు. నేను చెప్పేదాక సున్నం ముట్టకు."

మిషన్ మళ్లీ దొరికేసరికి ఉగాది వచ్చింది. వీధంతా తెల్లగా ఉంటే వాళ్ల ఇల్లొక్కటే మసిబారి ఉంది. "మీ ఇంట్ల పండుగ లేదా?" అని పక్కింటివాళ్లు దెప్పితే, "మేడమ్ కొలిచినంకనే మా పండుగ" అందట. ఈసారి పొటాషియం స్పష్టంగా బయటపడింది. రిపోర్టు పోస్టులో వెయ్యకుండా నేనే తెచ్చి పెద్దల ముందు చదివాను. మిల్లాయన గొణిగాడు, అయినా మాట నిలబెట్టుకుని యంత్రం బిగించాడు.

వానాకాలం పోయాక వేరే పని మీద వెళితే, దర్జీ నన్ను సాగనంపడానికి బస్టాండు దాకా నడిచొచ్చాడు. దారంతా మాటలే. ఎవరి జాకెట్టు బిగుతైందో, ఎవరు మళ్లీ విప్పి కుట్టమన్నారో అన్నీ చెప్పాడు, ఎక్కడా ఆగలేదు. ఎవరినీ రెండు మాటలు పూర్తి చెయ్యనివ్వని మనిషిని నేను. బస్సు వచ్చింది. ఆయన ఇంకా చెబుతున్నాడు. ఆ బస్సును పోనిచ్చాను.