ముందుకు ఉరికే అక్షరాలు

ఎనభైల్లో పటాన్‌చెరు లారీలోళ్లకు పెయింటర్ ఐలన్న రాసే లావాటి వాలు అక్షరాలంటే మోజు. ఆగిన బండి కూడా ఉరుకుతున్నట్టే ఉండేది.

నాగయ్య తన తొలి లారీకి రెండు పక్కలా కూతురు స్వరూప పేరు రాయించాడు. కుడిపక్క చూసి మురిశాడు. ఎడమపక్క చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఏందన్నా, బండి ముందుకు పోతుంటే నా బిడ్డ ఎనక్కి ఉరుకుతున్నది!"

ఐలన్న రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. నిజమే, ఇటువైపు ఇంజన్ ఎడమకుంటే అక్షరాలు కుడికి వాలాయి. రేపే బొంతపల్లి గుడిలో బండికి పూజ. ఈ మాట పాకితే ఇగ లారీలోళ్లెవరూ రారు.

"జెర చాయ్ తాగి రా, తమ్మీ."

కిరసనాయిలు గుడ్డతో తుడిచి, అక్షరాలను ఎడమకు వాల్చి మళ్లీ రాశాడు.

నాగయ్య లారీ చుట్టూ తిరిగి నవ్వాడు. "గిప్పుడు నాతోనే వస్తున్నది!"

అప్పటినుంచి కిరాణా కొట్టు బోర్డు రాయమన్నా ఐలన్న ముందు అడిగేది ఒకటే: "గిది ఎటు పోతది?"