ఆగుతుందా, అల్లుడూ?

మా మామగారికి కదిలే వస్తువంటే నమ్మకం లేదు. ఆగే వస్తువంటేనే గౌరవం. ముప్పై నాలుగేళ్ళు లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. "పైకి పోవడం ఏ లిఫ్టుకైనా వచ్చు. అడిగిన చోట ఆగడం వచ్చా అన్నదే ప్రశ్న" అంటారు. ఆ ప్రశ్నను లిఫ్టులతోనే వదిలేసి ఉంటే ఇవాళ నా జుట్టు ఇంత నెరిసేది కాదు.

వాళ్ళమ్మాయిని చేసుకుంటానని చెప్పడానికి మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన నా చదువు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. జేబులోంచి సుద్దముక్క తీశారు.

"నీ స్కూటరు ఎంతలో ఆగుతుంది?"

"బాగానే ఆగుతుందండీ."

"బాగానే అంటే ఎన్ని అడుగులు?"

వీధిలోకి తీసుకెళ్ళి, రోడ్డుకు అడ్డంగా గీత గీసి, నన్ను ఆరుసార్లు బండి మీద రప్పించి, ఆరుసార్లూ టేపు పెట్టి కొలిచారు. బాల్కనీల నిండా జనం. మా ఆవిడ, అప్పటికింకా మా ఆవిడ కాలేదు, కిటికీ వెనక నవ్వాపుకోలేక చస్తోంది. ఆయన టేపు చుట్టేసి "సరే, ఆలోచిద్దాం" అన్నారు. కొత్త బ్రేకు షూలు వేయించుకున్నాకే పెళ్ళి కుదిరింది.

ఆ ఇంట్లో ఎవరికీ మినహాయింపు లేదని తర్వాత తెలిసింది. కొత్త ఫ్యాను వస్తే, స్విచ్చి కట్టేశాక ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెడతారు. మా పాప ఏడుపందుకుంటే ఎందుకని అడగరు. "ఆగుతుందా, అల్లుడూ?" అంటారు. మా అత్తగారితో మొరపెట్టుకుంటే, "ఆయన నోరొక్కటే ఎక్కడా ఆగదు నాయనా" అని తన పనిలో పడిపోతారు.

అలాంటి మనిషికి ఇరవై ఎనిమిదేళ్ళనాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉండటం, నాకు కార్లు బాగుచేసే షెడ్డు ఉండటం, రెండూ నా ప్రారబ్ధమే. పాత కార్ల క్లబ్బువాళ్ళు ఏడాదికొక రోజు రేసు ట్రాక్ తీసుకుంటారు. దాని మీద తన కారును ఒక్కసారి తిప్పాలని ఆయన కోరిక. డెబ్బై నిండినవాళ్ళను రానివ్వరు. వచ్చే ఏటికి ఆయనకు నిండుతాయి.

"ఇంజను ఏమైనా చూడమంటారా, మామయ్యగారూ?"

"ఇంజనుదేముందోయ్, పోతుంది. ట్రాక్ మీద మలుపు మలుపుకీ గట్టిగా ఆపాలి. ఆ వేడికి పాత బ్రేకులు చేతులెత్తేస్తాయి."

అది నిజం. నిజం కావడమే నా ఖర్మ. వేడికి తట్టుకునే ప్యాడ్లు వేశాను. చాలవన్నారు. బ్రేకు ఆయిలు మరిగిపోతుందంటే మంచి ఆయిలు పోశాను. రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయంటే స్టీలు అల్లికవి బిగించాను. పెద్ద డిస్కులు వేశాను. వాటిని నొక్కిపట్టడానికి పిడికిళ్ళలాంటి పెద్ద కాలిపర్లు కావలసివచ్చాయి. అవి వేస్తే పాత చక్రాలు పట్టలేదు. పెద్ద చక్రాలు తెస్తే మడ్‌గార్డులకు రాసుకున్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఏమిటో ఆ ఏడాది పొడుగునా చూశాను. షెడ్డులో కారు నిలిపే చోటు ఒక్కటే. అందులో ఆయన కారే. మిగతా బళ్ళవాళ్ళు వచ్చి, చూసి, వెళ్ళిపోయేవారు. మళ్ళీ వచ్చేవారు కాదు.

చివరికి నాకు మిగిలిన ఆశల్లా క్లబ్బు సెక్రటరీ. "మీ మామగారి కారు ట్రాక్ మీద బాగా ఆగితే మా ముప్పై కార్ల పనీ నీకే" అన్నాడు. ఆ పని రాకపోతే షెడ్డు మూసి, మాటా మాటా అనుకుని వదిలొచ్చిన పాత యజమాని దగ్గరే మళ్ళీ స్పానరు పట్టుకోవాలి. ఆయన మొహం తలుచుకుంటేనే నాకు అన్నం సహించేది కాదు.

రోజు దగ్గరపడ్డకొద్దీ మామగారు ముదిరారు. "డిస్కు కాస్త ఊగుతోంది, విప్పు." విప్పాను. "ఆ బోల్టు మీద నాకు నమ్మకం లేదు, విప్పు." విప్పాను. ముందురోజు మధ్యాహ్నానికి ఆ కాలిపర్లను పదకొండుసార్లు విప్పి బిగించాను. పదకొండోసారి బిగించాక పెడల్ మెత్తగా దిగిపోయింది. గొట్టాల్లో గాలి చేరిందనుకుని మూడుసార్లు ఆయిలు కారనిచ్చి గాలి తీశాను. మెత్తదనం పోలేదు.

"ఆగుతుందా, అల్లుడూ?"

"ఆగుతుందండీ" అన్నాను. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. విసిగిపోయాను మరి.

మర్నాడు ట్రాక్ దగ్గర ముప్పై కార్లు బారులు తీరాయి. మామగారు హెల్మెట్ పెట్టుకుని పసిపిల్లాడిలా మురిసిపోతూ సీట్లో కూర్చున్నారు. పెడల్ ఒకసారి తొక్కారు. మళ్ళీ తొక్కారు. మూడోసారి తొక్కి, దిగి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని లోపలికి తొంగిచూశారు. రెండోవైపూ చూశారు. తర్వాత నా వైపు చూశారు.

సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది సార్? బ్రేకులా?"

"బ్రేకుల పనిలో వంక పెడదామంటే నాకే దొరకలేదు. ఈ కాలిపర్ల రంగు చూడండి. ఎరుపు! పసుపు వెయ్యమన్నాను. నేను నడపను."

"లోపల కూర్చుంటే అవి కనపడవు కదా సార్?"

"ఉన్నాయని తెలుసుగా!"

అందరూ విరగబడి నవ్వారు. "పెద్దాయన చాదస్తానికి మాత్రం బ్రేకుల్లేవు" అన్నాడొకడు. ఏడాది చాకిరీ, షెడ్డు, ముప్పై కార్లు, అన్నీ ఒక రంగు డబ్బాలో కలిసిపోయాయని నేను కుంగిపోయాను. పైగా, గోరుచుట్టు మీద రోకటిపోటులాగా, కారును ఇంటిదాకా నడపనివ్వలేదు. ట్రక్కు తెప్పించి ఎక్కించారు. నేను దారంతా పళ్ళు నూరుకున్నాను.

షెడ్డులోకి రాగానే ఆయనే షట్టరు దించి, నా చేతికి టార్చి ఇచ్చారు.

"కుడివైపు కాలిపర్ ఎడమకి బిగించావు, ఎడమది కుడికి. గాలి తీసే నిప్పిల్ పైన ఉండాల్సింది కిందికొచ్చింది. గాలి పైకెక్కి కూర్చుంటే కింద నువ్వెంత ఆయిలు కారిస్తే ఏం లాభం?"

చూశాను. పని నేర్చుకునే మొదటి నెలలో కూడా చేయని తప్పు. నా చెవులు కాలిపోయాయి.

"అక్కడే చెప్పాల్సింది కదండీ."

"అక్కడ ముప్పైమంది ఉన్నారు."

"మీకిదే ఆఖరి అవకాశం కదండీ, మామయ్యగారూ."

"ఊరుకోవోయ్. పదకొండుసార్లు విప్పించింది నేను. పదికి ఆపాల్సింది. ఎక్కడ ఆగాలో నాకే తెలియలేదు."

ఈ మనిషినా ఏడాదిపాటు తిట్టుకున్నాను!

రెండోరోజు సెక్రటరీ తన కారుతో వచ్చాడు. "మీ మామగారు ఆమధ్య నా బ్రేకులకు పద్నాలుగు వంకలు పెట్టారు. నీ పనిలో ఆయనకి రంగు తప్ప ఏమీ దొరకలేదంటే, ఇంకేం కావాలి?" అన్నాడు. నేను తల వంచుకుని, ముందు అతని కాలిపర్ల మీద సుద్దతో కుడి, ఎడమ అని రాసుకున్నాను. ఇప్పటికీ రాయనిదే ముట్టుకోను.

మామగారి కారుకు కుడి ఎడమలు సరిచేశాను. ఆయన మాట అబద్ధం కాకూడదని పసుపు రంగు కూడా వేశాను. వీధిలో గీత గీశారు. గీతకు జానెడు ఇవతలే ఆగింది. టేపు పెట్టి రెండుసార్లు కొలిచారు.

"వచ్చే ఏడు ట్రాక్ మీద నువ్వు నడుపు. నేను మలుపు దగ్గర సుద్ద పట్టుకుని నిలబడతా" అన్నారు.

తర్వాత చక్రం దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు లోపలికి చూశారు.

"ఏమిటోయ్ ఈ పసుపు? ఎరుపే బాగుండేది."