వంకలో తీతువు గుడ్లు

గార్లదిన్నె దగ్గర కొండ మీద ఎండుగడ్డికి ఎవరో నిప్పు పెట్టారు. పొగలోంచి లేచే మిడతల కోసం గద్దలు తిరుగుతుంటే చూద్దామని ఈ పొద్దున బైనాక్యులర్ తీసుకుని వెళ్లాను. దిగి వస్తుంటే ఎండిన వంక ఇసుకలో తీతువు పిట్ట గుడ్లు మూడు కనిపించాయి. మనసు చివుక్కుమంది. తీతువు గట్టు మీద గుడ్లు పెడితే వానలు పడతాయని, వంకలో పెడితే ఆ ఏడు కరువేనని మా రైతుల నమ్మకం.

మా పక్క చేను నారప్ప చిన్నాయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎద్దులను అమ్మడానికి రేపటి సంతకు తోలాలా వద్దా అని వారం నుంచీ ఆయన ఎటూ తేల్చుకోలేకుండా ఉన్నాడు.

"ఏమప్పా, తీతువు గుడ్లు యాడ పెట్టిండాది?"

"గట్టు మీదనే చిన్నాయనా" అన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఆయన నా మెడలోని బైనాక్యులర్ వైపు వేలు చూపించాడు.

"వంకలో పెట్టిండేది నిన్ననే చూసినాలే. నీ అద్దాల్లో ఇంగో గూడేమన్నా కనపడిండాదేమో అని అడిగితి."

ఇంత ఖరీదైన బైనాక్యులర్, అబద్ధమాడటానికి కూడా పనికిరాలేదు.

మీ వైపు తీతువు గట్టు మీద పెట్టి ఉంటే ఎవరైనా ఈ రాత్రికే చెప్పండి. ఎద్దులు తెల్లారకముందే సంతకు బయల్దేరతాయి.