నడిస్తేనే వచ్చిన మద్రాసు

పెళ్ళయిన దగ్గర్నుంచీ మాది సెలవుల కాపురమే. మా ఆయన మద్రాసులో సినిమా పాటలకు వయొలిన్ వాయించేవాడు, నేను నరసరావుపేటలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్ని. ఎనభైల్లో ఒక వేసవికి సామానంతా తీసుకుని వచ్చేశాడు. నా సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు.

మద్రాసు మీద ఆయన పాట లేని సంగీతం ఒకటి కట్టుకున్నాడు. తెల్లవారుజామున పాలవాళ్ళ సైకిల్ గంటలు, లోకల్ రైళ్ళ పరుగు, మార్కెట్టు గోల, అన్నీ వాయిద్యాలతోనే. పెద్ద ఆర్కెస్ట్రా కోసం రాసుకున్నది, అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు దాన్ని మా వీధి పెళ్ళి బ్యాండు చేత వాయిస్తాడట.

"వీళ్ళకి వస్తే ఈడే ఉంటా. రాకపోతే మళ్ళీ పోతా. ఆడ ఎప్పటికైనా ఎవరో ఒకరు వాయిస్తారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా కాపురం తీసుకెళ్ళి బ్యాండువాళ్ళ చేతుల్లో పెట్టాడు మహానుభావుడు.

ఆషాఢం కదా, పెళ్ళిళ్ళు లేవు. చర్చి పక్క పాకలో, స్టూడియోలో మాదిరే కుర్చీలు వేసి అందర్నీ కూర్చోబెట్టాడు. ఊరేగింపులో ఎంత కొత్త పాటైనా ఇట్టే పట్టేసేవాళ్ళు, కుర్చీ ఎక్కేసరికి ఎవరి దారి వారిదే. రైలు కదిలీ కదలకముందే ఆగిపోయేది. రోజూ అదే తంతు. చివరికి మా ఆయన అరవడం కూడా మానేసి, ఇంట్లో బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మర్నాడు టీ తీసుకెళ్ళి చూద్దును కదా, కుర్చీల కింద అందరి కాళ్ళూ తడబడుతున్నాయి. వాళ్ళు పుట్టి బుద్ధెరిగి నడుస్తూ తప్ప వాయించలేదు. అడుగే వాళ్ళకు తాళం.

"ఏమయ్యా, చావింట్లో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టావేంది? లేపు వాళ్ళని. నడవనీ."

"ఇది ఊరేగింపు కాదే" అన్నాడు మా ఆయన.

"మద్రాసులో మాత్రం జనం కూర్చునుంటారా?"

క్లారినెట్ వాయించే మెకానిక్ కుర్రాడు ముందు లేచాడు. "వదిన చెప్పింది నిజమేనన్నా. కాళ్ళు కట్టేసినట్టుంది."

పాక చుట్టూ తిరిగి వీధిలోకి నడిచారు. డ్రమ్ము అందుకుంది. రైలు పరిగెత్తింది. మార్కెట్టు గోల వచ్చేసరికి జనం గుమ్మాల్లోకి వచ్చారు.

"ఎవరి పెళ్ళే?" అని అడిగింది ఎదురింటి పిన్ని.

"పెళ్ళి కాదు పిన్నీ, మద్రాసు" అన్నాను.

చివరిదాకా ఎక్కడా తెగలేదు. మా ఆయన వీధి మధ్యలో నిలబడి వింటున్నాడు. తను కట్టినది మొత్తంగా వినడం ఆయనకు అదే మొదటిసారి.

"ఇంక ప్రయాణం ఎప్పుడు అన్నా?" అని ఆ క్లారినెట్ కుర్రాడే అడిగాడు.

"ప్రయాణం ఏందిరా? శ్రావణం లగ్గాలకి బయానాలు ఒప్పుకోండి. నేనూ వస్తా."

హమ్మయ్య అనుకున్నాను. అనుకుని, అక్కడే వీధిలో, అందరి ముందూ ఏడ్చేశాను. ఆయన అది చూడనే లేదు. తాళాలు ఒక దెబ్బ ముందు పడుతున్నాయని, అవి వాయించే ముసలాయనతో అప్పటికే గొడవ పెట్టుకున్నాడు.