బొమ్మల బంగ్లా గడప

గద్వాలలో కొత్త మ్యూజియం కడుతున్న రోజుల్లో నేను అక్కడ సున్నం గానుగ చూసుకునేవాణ్ణి. మ్యూజియం అన్న మాట మా నోళ్ళలో తిరగక బొమ్మల బంగ్లా అనేవాళ్ళం. యుద్ధం మూలంగా సిమెంటు దొరకడం లేదని రాయి, సున్నంతోనే కట్టమన్నారు. ఆ కట్టడం అందచందాల గురించి పెద్దవాళ్ళు చాలా ఉపన్యాసాలే ఇచ్చారు. ఈదమ్మ గురించి ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ఈదమ్మ రాళ్ళు కొట్టే వడ్డెరల ఇంటి మనిషి. మొగుడు కురుమూర్తి సమ్మెట ఎత్తితే ఆమె ఉలి పట్టేది. పట్టిన చెయ్యి కదిలితే వేళ్ళు పోతాయి. మీవాళ్ళు పెళ్ళిచూపుల్లో పిల్ల మొహం చూడరు, చెయ్యి వణుకుతుందా లేదా అని చూస్తారటగా అని మేము ఆటపట్టించేవాళ్ళం. కురుమూర్తి నవ్వేవాడు. ఈమె చెయ్యి చూసే చేసుకున్నానని చెప్పేవాడు. నిజమే కాబోలు, సమ్మెట తలమీదుగా దిగుతుంటే ఆమె రెప్ప కూడా వేసేది కాదు.

బంగ్లా ముందు భాగానికి ఒక పొడుగాటి రాయి కావలసి వచ్చింది. అంత పొడుగు రాయి అతుకు లేకుండా దొరకడం కష్టం. పడమటి కొండగట్టు మీద దొరికింది. దాన్ని విడదీసేటప్పుడు కింద దన్నుగా పెట్టిన చెక్క జారి, రాయి కురుమూర్తి మీదికి దొర్లింది. ఈదమ్మ చేతిలో ఉలి అలాగే ఉంది.

మనిషిని తిన్న రాయిని వాళ్ళు అమ్మరు, కట్టడానికి వాడరు. ఆ చోటనే నిలబెట్టి పసుపు రాస్తారు. పోయినవాడు ఆ రాతిలోనే ఉంటాడని వాళ్ళ నమ్మకం. కానీ కంట్రాక్టరుకు నమ్మకాలతో పనేముంది? ఆమె ఇంకా మైలలో ఉండగానే రాయి బండెక్కి బంగ్లాకు వచ్చేసింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, దాన్ని తలవాకిట్లో నేలమీద పరుస్తున్నారన్న సంగతి కూడా ఆమె చెవిన పడింది. అంటే వచ్చేపోయేవాళ్ళంతా చెప్పుకాళ్ళతో కురుమూర్తిని తొక్కుతారన్నమాట.

బంగ్లాకు నక్షా గీసిన యూసుఫ్ సాబ్ పట్నం మనిషి. ఈదమ్మ వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది. ఏడవలేదు.

"సాబ్, గా రాయిని తొక్కేతట్టు పెట్టకు. మా ఆయన నెత్తురు తాగిన రాయి గది."

"మరి ఏడ పెట్టాలె, నువ్వే చెప్పమ్మా."

"గడప జెయ్యి. గడపను ఎవ్వరు తొక్కరు."

ఆయన నక్షా దగ్గరికి లాక్కున్నాడు. బరువైన బొమ్మలు లోపలికి దొర్లించడానికి వీలుగా నేలంతా ఒకే మట్టంలో గీసుకున్నాడు. గడప పెడితే ఆ వాటం చెడుతుంది. అయినా రబ్బరు తీసి తలవాకిలి చెరిపేసి, రాయిని కాస్త పైకి లేపి మళ్ళీ గీశాడు. ఆయన గురించి ఎవరేమన్నా నాకు మాత్రం ఆ ఒక్క గీతతో ఆయన మంచివాడు.

గడప కూర్చిన రోజు నుంచి ఈదమ్మ మొహం కొద్దిగా తేటపడింది. శుక్రవారం వస్తే కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టేది. తట్టలు మోసే ఆడవాళ్ళు చీర ఎత్తిపట్టి దాటేవాళ్ళు. సాయంత్రం పని దిగి ఇంటికి పోతూ ఆమె దాని పక్కన కూర్చుని, "పోయొస్త" అని మెల్లగా చెప్పి లేచేది. నా చెవులతో విన్నాను. గట్టు మీద ఉంటే ఒంటరిగా ఉండేవాడు, ఇక్కడైతే నలుగురి మధ్య ఉన్నాడని నాతో అంది కూడా.

గోడలు పూర్తి కాకముందే యూసుఫ్ సాబ్‌ను వేరేచోటికి బదిలీ చేశారు. ఆయన స్థానంలో వచ్చిన అధికారికి నేలా గోడలూ నచ్చాయి గానీ గడప నచ్చలేదు. ప్రారంభానికి వచ్చే దొరలు తట్టుకుని పడతారట. అలంపూర్ నుంచి వస్తున్న పెద్ద విగ్రహం దుంగల మీద నేరుగా లోపలికి పోవాలట. అప్పటికి మట్టి పోసి ఎక్కించవచ్చు కదా అని నేనే అన్నాను. మ్యూజియమంటే ఇల్లూ కాదు గుడీ కాదు, దీనికి గడపెందుకని నన్ను కసిరాడు. లోపలికి వచ్చేవన్నీ గుళ్ళలో విగ్రహాలే.

చెక్కేసి నేలమట్టం చేయమని కురుమూర్తి తమ్ముడు నాగప్పకు హుకుం అయింది. అతను చెయ్యనంటే బయటివాళ్ళను పిలిచి పేలుడు మందు పెట్టి పగలగొట్టిస్తామన్నారు. నాగప్ప అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. సమ్మెట పక్కన పెట్టుకుని, తల పట్టుకుని కూలబడ్డాడు. ఉలి పట్టడానికి వడ్డెర్లలో ఒక్కరూ ముందుకు రాలేదు.

ఎవరు చెప్పారో గానీ ఈదమ్మ వచ్చింది. గడప కడిగింది. ఆ రోజు శుక్రవారం కాదు, అయినా పసుపు రాసింది. తర్వాత కొంగు నడుముకు బిగించి, గడప పక్కన కూర్చుని ఉలి చేతిలోకి తీసుకుంది.

"వద్దు వదినా," అన్నాడు నాగప్ప.

"కొట్టు. ఉలి నేను పడ్త."

అతను ఏడుస్తూ కొట్టాడు. ఆమె ఏడవలేదు. పసుపు చెక్కలు చెక్కలుగా లేచి ఆమె ఒళ్ళో పడ్డాయి. అధికారి గొడుగు కింద నిలబడి, మట్టం సరిగ్గా వస్తోందో లేదో చూసుకున్నాడు. పొద్దుగుంకేసరికి అది గడప కాకుండా పోయి నేలలో కలిసిపోయింది. విగ్రహం దాని మీదుగా లోపలికి వెళ్ళింది. ప్రారంభం రోజున దొరలు బూట్లతో దాని మీదనే నిలబడి, నేల ఎంత నున్నగా ఉందో అని మెచ్చుకున్నారు.

రాలిన రాతిచెక్కల్ని ఈదమ్మ కొంగులో మూటకట్టుకుని గట్టుకు మోసుకుపోయి, కురుమూర్తి పడ్డ చోట కుప్ప పోసింది. బతికినన్నాళ్ళూ బంగ్లా ముందు దారిన నడవలేదు.

ఆ పాపపు పని నీ చేతులతోనే ఎందుకు చేశావని ఊళ్ళో చాలామంది ఆమెను ఆడిపోసుకున్నారు. నాకూ మనసు ఆగక ఒకసారి అడిగాను. ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"ఇంకొకలు పడితే చెయ్యి వణుకుతది అయ్యా. ఉలి జారి ఆయనకు దెబ్బ తగుల్తది."