ట్వైలా పంపిన బూజు కబురు

మా సందులో ట్వైలా హాస్కెట్ తెలియనివాళ్ళు లేరు. పద్దెనిమిదేళ్ళు మా ఊరి బడి ఆఫీసులో కూర్చుని, "మీవాడు ఈరోజు రాలేదండీ" అని తల్లులకు ఫోన్లు చేసిన మనిషి. ఏ ఇంట్లో ఎవరు ఫోనెత్తుతారో, ఎవరు చూసి కూడా ఎత్తరో ఆమెకు కంఠతా వచ్చు. పిల్లలు తగ్గిపోయి బడిని పక్క ఊరి బడిలో కలిపేశాక, రాయిస్ టాకెట్ నడిపే గంజాయి దుకాణంలో చేరింది. మా ఓక్లహోమా రాష్ట్రంలో డాక్టరు రాసిస్తే కార్డు వస్తుంది, కార్డుంటే గంజాయి మందుగా కొనుక్కోవచ్చు. మా ఊళ్ళో చర్చిలు ఆరు, ఈ దుకాణాలు తొమ్మిది. నా మోకాళ్ళ పుణ్యమా అని నాకూ ఒక కార్డుంది. పాస్టరుగారు ఏమీ అనరు, ఆయన నడుముకూ ఒకటుంది.

ట్వైలా పని అమ్మడం కాదు. కొత్త సరుకు వచ్చిందనీ, ఫలానా రోజు ధర తగ్గిస్తున్నామనీ కొనేవాళ్ళ ఫోన్లకు మెసేజీలు పంపడం. ఒకనాడు వరండాలో బొబ్బర్లు ఒలుస్తూ ఉండబట్టలేక అడిగేశాను.

"మీట నొక్కితే పోయేదానికి నీకు జీతమెందుకే?"

"నొక్కితే పోదు వెర్లీ అత్తా. మధ్యలో ఫోన్ కంపెనీవాళ్ళు కాపలా ఉంటారు. గంజాయి అన్న మాట కనబడిందా, అక్కడికక్కడే మింగేస్తారు. మింగామని మనకు చెప్పను కూడా చెప్పరు."

"అమ్మేది గంజాయే కదా, మరేమనాలట?"

"పేరెత్తకూడదు. ఆకు బొమ్మ పెట్టకూడదు. లింకు కురచగా కత్తిరిస్తే దొంగలనుకుంటారు. 'మా మెనూ మారింది, వచ్చి చూడండి' అనాలి, అంతే."

"అయితే మా అమ్మ పాస్టరు ముందు బీరు సీసాను దగ్గుమందు అన్నట్టే."

"అంతే అత్తా. పాస్టరు ఫోన్ కంపెనీ, నేను మీ అమ్మని."

ఆమె పద్ధతులు ఆమెకున్నాయి. తమంతట తాము సరేనన్నవాళ్ళకే పంపేది. ఆపమన్నవాళ్ళ పేరు ఆ గంటలోనే తీసేసేది. పొద్దున పదికి ముందు గానీ, రాత్రి ఎనిమిది తర్వాత గానీ ఎవరి ఫోనూ మోగించేది కాదు. అందరికీ ఒక్కసారిగా కుమ్మరించక, యాభై మందికి, మరో యాభై మందికి అన్నట్టు వదిలేది. వీటన్నిటికీ మించినది మా మూడు ఫోన్లు. ఆమెది ఒక కంపెనీ, నాది ఇంకొకటి, ఎదురింటి హార్లన్ బీల్‌ది మూడోది. ముందు మా ముగ్గురికీ పంపుకుని, వరండాలోంచి కేకేసేది.

"వచ్చిందా?"

"నాకొచ్చిందే!"

"నాకూ వచ్చింది!" అనేవాడు హార్లన్. "చదవకముందే విసుగొచ్చింది!"

ముగ్గురికీ చేరితేనే మిగతా ఊరికి పంపేది.

హార్లన్ గొట్టాలు అతికే వెల్డరు. నలభై ఏళ్ళ ఆ రొదకు చెవులు పోయాయి, ఫోనులో మాట వినబడదు, అందుకే అన్నీ మెసేజీలే. తండ్రి లేని ట్వైలాకు పదహారేళ్ళప్పుడు తన పాత ట్రక్కులో డ్రైవింగు నేర్పింది ఆయనే. కిందటేడు ఊపిరితిత్తుల్లో కాన్సర్ బయటపడింది. మందులెక్కించాక తిన్నదల్లా కక్కుకునేవాడు. రెండు దమ్ములు గంజాయి పీలిస్తేనే, ఆయన భార్య ఓపల్ కాచిన సూపు నాలుగు చెంచాలు లోపల నిలిచేది. ఆ సరుకు రాయిస్ దుకాణంలోదే.

ఏప్రిల్ ఇరవయ్యో తేదీ గంజాయివాళ్ళకు పండుగ. ఆ ముందు వారం రాయిస్ ఒక జాబితా తెచ్చాడు. మూతబడ్డ ఇంకో దుకాణం వాళ్ళ దగ్గర దొరికిందట, మూడు వేల నంబర్లు.

"వీళ్ళెవరూ మనల్ని అడగలేదు," అంది ట్వైలా. "పంపితే తిట్టిపోస్తారు. ఆ తిట్లు కంపెనీవాళ్ళు లెక్కేసుకుంటారు. మన నంబరు చెడుతుంది, ఇక దాన్నుంచి ఏది పంపినా మింగేస్తారు."

"తిట్టేవాడు తిడతాడు, వచ్చేవాడు వస్తాడు. నువ్వు పంపకపోతే పంపేవాళ్ళు నాకు దొరకరనుకున్నావా?"

పంపింది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. తెలిసిందల్లా ఒక్కటే, ఆ తర్వాత ఆమె వరండాలోంచి కేకెయ్యడం మానేసింది. తప్పు చేశానన్న సిగ్గట. 'రాలేదు' అన్న జవాబు వినాల్సొస్తుందని భయమట. పక్కింటి కుక్క ఎందుకు మొరిగిందో కూడా అడిగి తెలుసుకునేదాన్ని, నేనూ ఆ ఒక్కటీ అడగలేదు.

జూన్‌లో ఒక గురువారం కబురొచ్చింది. మేలో అమ్మిన ఒక రకం గంజాయిలో బూజు ఉందని పరీక్షలో తేలింది. మామూలు మనిషికి దగ్గుతో పోతుంది. కాన్సర్ మందులతో ఒళ్ళు గుల్లయినవాడికి ఆ బూజు ఊపిరితిత్తుల్లో మొలుస్తుంది. కొన్నవాళ్ళందరికీ వెంటనే తెలియజేయాలి.

ట్వైలా గంటసేపు ఆ కంప్యూటరు ముందు కూర్చుందట. గంజాయి అని రాస్తే కాపలావాళ్ళు మింగేస్తారు. మెనూ అనీ సరుకనీ రాస్తే చదివినవాడికి అర్థం కాదు. చివరికి, నాలుగేళ్ళలో మొదటిసారి ఉన్నదున్నట్టు రాసింది. "మే నెలలో మా దగ్గర కొన్న గంజాయిలో బూజు ఉంది. పీల్చకండి. వెనక్కి తెచ్చివ్వండి." నొక్కింది. నాలుగు వందల పన్నెండు పేర్లు, ప్రతి పేరు పక్కనా 'చేరింది' అని పడింది. గుండె మీద బరువు దిగిందనుకుని ఇంటికొచ్చేసింది.

ఆదివారం చర్చిలో చేపల వేపుడు విందు. పక్క ఊరి నుంచి వచ్చిన ఒకామె, తమ దుకాణంవాళ్ళు బూజు సరుకు వెనక్కి తీసుకుంటున్నారని చెప్పింది. చేతిలో పళ్ళెంతోనే ట్వైలా దగ్గరికి వెళ్ళాను.

"ఏమే, మీ దుకాణంలో కూడానా బూజు?"

"గురువారమే పంపానుగా అత్తా. చూడలేదా?"

"నాకేం రాలేదే."

"వచ్చింది. చేరిందని చూపించింది."

నా ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాను. దుకాణం నుంచి వచ్చిన చివరి మెసేజీ ఏప్రిల్‌ది. ట్వైలా పైకీ కిందకీ జరిపి చూసింది. "హార్లన్," అంది, అంతే. పళ్ళెం ఎక్కడ పెట్టిందో తెలియదు, నేను బయటికొచ్చేసరికి కారెక్కేసింది.

హార్లన్ వరండాలోనే ఉన్నాడు. ఒళ్ళో గంజాయి సీసా, మూత తీసి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి పీలుస్తున్నావు ఇది?" చెవి దగ్గర అరిచింది ట్వైలా.

"సోమవారం నుంచీ. ఏం పిల్లా, నీక్కూడా కావాలా?"

"నేను పంపింది రాలేదా? గురువారం?"

"నువ్వు పంపడం మానేశావు కదా. నేనంటే కోపమేమో అనుకున్నా."

గురువారమే అందివుంటే మూడు దినాల దమ్ములు తప్పేవి. ఆ మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ట్వైలా నాలుగు వందల మందికీ ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. కబురు అందినవాళ్ళు పదకొండు మంది.

వారానికి హార్లన్‌కు జ్వరమొచ్చింది. టల్సా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఊపిరితిత్తుల్లో బూజు అన్నాడు డాక్టరు. ఆ సీసాదేనా అని ఓపల్ అడిగితే, ఒట్టేసి చెప్పలేనన్నాడు. ఇరవై మూడో రోజున ప్రాణం పోయింది.

విచారణకు రాష్ట్రం నుంచి ఒకాయన వచ్చాడు. ట్వైలాను కారులో తీసుకెళ్ళింది నేనే. నన్ను బయట కూర్చోమన్నారు, కూర్చున్నాను. తలుపు వేయమని ఎవరూ అనలేదు.

రాయిస్ కాగితం ముందుకు తోశాడు. "ఇదిగో సార్, హార్లన్ బీల్, పన్నెండుంపావుకు చేరింది. మా వైపు లోటేముంది?"

"పంపింది మీరేనా అమ్మా? అయితే ఇక్కడ సంతకం పెట్టండి."

"పెట్టనండి," అంది ట్వైలా. "అది చేరలేదు. ఫోన్ కంపెనీవాళ్ళు మింగినా మాకు 'చేరింది' అనే పడుతుంది. ఆ నంబరు ఏప్రిల్‌లోనే చెడింది. చెడగొట్టింది నేనే. వీధి దాటి ఒక్క మాట అడిగుంటే తెలిసేది, అడగలేదు."

"నీ మెడకు నువ్వే ఉరి బిగించుకుంటున్నావు," అన్నాడు రాయిస్.

"బిగించుకోనీ."

ఆ సాయంత్రమే ఆమె పని పోయింది, శరత్కాలానికి దుకాణమూ పోయింది. ఇప్పుడు కోళ్ళ ఫ్యాక్టరీలో రెక్కలు కోస్తోంది. వేళ్ళు వంగడం లేదు.

జరిగింది తానే ఓపల్‌కు చెప్పింది ట్వైలా. ఓపల్ అంతా విని తలుపు వేసుకుంది. ఆనాటి నుంచి ఒక్క మాట లేదు. అయినా ప్రతి శనివారం ట్వైలా మిషన్ తోసుకుంటూ వెళ్ళి ఆ ఇంటి ముందు గడ్డి కోస్తుంది. మొన్నటి శనివారం ఓపల్ బయటికొచ్చింది. ఏమంటుందోనని నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. గడ్డిలో మిషన్‌కు అడ్డంగా పడున్న నీళ్ళ గొట్టం చుట్టి పక్కకు పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.